ఫ్రాంక్‌ఫర్ట్‌లో 8 గంటల లేఓవర్: ఊళ్లోకి వెళ్లి రావడం ఎలా

ఫ్రాంక్‌ఫర్ట్ ఊరు చూసి రావాలంటే రెండు విమానాల మధ్య కనీసం 7 గంటలుండాలి. 6 గంటల లోపైతే ఎయిర్‌పోర్ట్ దాటకపోవడమే మేలు. 2024 జనవరిలో లుఫ్తాన్సా హైదరాబాద్ నుంచి నేరుగా విమానం మొదలుపెట్టాక, అమెరికా వెళ్లే మనవాళ్లకు ఇది దారిలో మజిలీ అయింది. విమానం ఉదయాన్నే దిగుతుంది కాబట్టి పగటి వెలుగంతా చేతిలో ఉంటుంది. అదే పెద్ద లాభం.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది వీసా. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలంటే షెంగెన్ వీసా (జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చేది) ఉండాల్సిందే. అమెరికా విజిటర్ వీసా, హెచ్1బి, గ్రీన్‌కార్డు ఇవేవీ ఇక్కడ చెల్లవు. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లు దిగి చూడాలనుకుంటే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు, మల్టిపుల్ ఎంట్రీ అడగాలి. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు వీసా అక్కర్లేదు. అయితే 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. మొదటిసారి వచ్చే విదేశీయులందరికీ వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, దాంతో లైను నెమ్మదిస్తుంది.

ఇక టైము లెక్క. 8 గంటలున్నాయంటే ఊళ్లో 8 గంటలు తిరగొచ్చని కాదు. విమానం దిగి, నడిచి, ఇమిగ్రేషన్ దాటేసరికి గంట నుంచి గంటన్నర పోతుంది. రైలుకు, దాని కోసం ఎదురుచూడటానికి రానూ పోనూ కలిపి గంట. తర్వాతి విమానానికి రెండున్నర గంటల ముందు తిరిగి టెర్మినల్‌లో ఉండాలి. అమెరికా విమానమైతే 3 గంటలు పెట్టుకోండి, ఎందుకంటే సెక్యూరిటీ, పాస్‌పోర్ట్ చెక్ అయ్యాక గేటు దగ్గర కాగితాలు మళ్లీ చూస్తారు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది మూడు గంటలు, మహా అయితే మూడున్నర. అమెరికా విమానమైతే అందులోంచి ఇంకో అరగంట తగ్గుతుంది. పాత ఊరు చూసి, నది ఒడ్డున నడిచి, కూర్చుని తినడానికి అది హాయిగా సరిపోతుంది. రైన్ నది పడవ ప్రయాణాలకు, హైడెల్‌బర్గ్ ఊరు చూసి రావడానికి మాత్రం చాలదు. ఎవరైనా చూడొచ్చని చెప్పినా వినకండి.

చెకిన్ బ్యాగులకు చివరి ఊరి దాకా ట్యాగ్ వేశారా లేదా అని హైదరాబాద్ కౌంటర్ దగ్గరే చదివి చూసుకోండి. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాళ్లు ఇక్కడ బ్యాగులు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. దానికి గంట అదనం. చేతి బ్యాగును టెర్మినల్ 1లో డబ్బులిచ్చి దాచుకునే కౌంటర్‌లో పెట్టేయండి, పాత ఊరి రాతి పలకల మీద చక్రాల బ్యాగు లాగడం నరకం. చేతి బ్యాగులో పచ్చళ్లు పెట్టుకోవద్దు. ఆవకాయ కూడా సెక్యూరిటీ లెక్కలో ద్రవపదార్థమే. కొన్ని లేన్లలో కొత్త స్కానర్లు వచ్చినా మీకు ఏ లేను వస్తుందో ముందే తెలియదు, అందుకని 100 మిల్లీలీటర్ల నియమాన్నే నమ్ముకోవాలి. బయటికి వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కుంది: యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురాకూడదు. నెయ్యి సీసా, పాలకోవా డబ్బా చేతి బ్యాగులో ఉంటే కస్టమ్స్‌లో పోయినట్టే.

ఊళ్లోకి ఎస్8, ఎస్9 లోకల్ రైళ్లు వెళ్తాయి. స్టేషన్ టెర్మినల్ 1 కిందే ఉంది, బోర్డు మీద రీజియోనాల్‌బాన్‌హోఫ్ (లోకల్ రైళ్ల స్టేషన్) అని చూసుకోండి. దూరప్రయాణాల రైళ్లకు వేరే స్టేషన్ ఉంది, అటు పోవద్దు. విమానం వేరే టెర్మినల్‌లో దిగితే స్కైలైన్ రైలెక్కి టెర్మినల్ 1కి రావాలి, దానికి అరగంట కలుపుకోండి. హనావ్ లేదా ఆఫెన్‌బాఖ్ వైపు వెళ్లే బండి ఎక్కితే పన్నెండు నిమిషాల్లో హౌప్ట్‌బాన్‌హోఫ్ (మెయిన్ స్టేషన్), ఇంకాసేపటికి ఊరి నడిబొడ్డున ఉన్న హౌప్ట్‌వాఖ స్టేషన్. సింగిల్ టికెట్ ఆరు యూరోల పైచిలుకు. డే టికెట్ ఇంచుమించు రెండు సింగిల్స్ ధరే. ఇద్దరున్నా గ్రూప్ డే టికెట్ లాభం, అయిదుగురి దాకా ఒకే టికెట్ మీద తిరగొచ్చు. గేట్లుండవు కదా అని టికెట్ లేకుండా ఎక్కితే జరిమానా 60 యూరోలు. ఊరికి మాత్రమే చెల్లే టికెట్ ఎయిర్‌పోర్ట్‌కు చెల్లదు. తిరిగొచ్చేటప్పుడు మెషీన్‌లో గమ్యం ఫ్లూగ్‌హాఫెన్ (ఎయిర్‌పోర్ట్) అని ఎంచుకోకపోతే అదే 60 యూరోలు కట్టాల్సి వస్తుంది. ట్యాక్సీ దీనికి అయిదారు రెట్లు, పైగా ట్రాఫిక్‌లో రైలు కన్నా ఆలస్యం.

దిగాల్సింది హౌప్ట్‌వాఖలో. మెయిన్ స్టేషన్‌లో దిగి నడిస్తే ముందు తగిలేది మత్తుమందులకు, రెడ్‌లైట్ వీధులకు పేరుపడిన పేట. పగలు పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఆ దారి వద్దు. హౌప్ట్‌వాఖ నుంచి అయిదారు నిమిషాలు నడిస్తే క్లైన్‌మార్క్ట్‌హాలె, ఊరివాళ్లు కూరగాయలు, చీజ్, రొట్టె కొనుక్కునే కప్పున్న బజారు. అక్కడి నుంచి దక్షిణానికి దిగితే పాత ఊరు. 1944 మార్చి బాంబుదాడుల్లో ఇదంతా నేలమట్టమైంది. రోమర్‌బర్గ్ చౌకులో కనబడే చెక్క చట్రాల ఇళ్ల వరుస 1980ల్లో తిరిగి కట్టింది. దాని వెనక ‘కొత్త పాత ఊరు’ అని పిలిచే భాగం 2018లో పూర్తయింది. అందుకోసం 1970ల నాటి కాంక్రీటు ఆఫీసు భవనాన్ని కూల్చి 35 ఇళ్లు కట్టారు, వాటిలో 15 అచ్చంగా పాతవాటి నమూనాలే. కొత్తవని తెలిసి చూస్తేనే వీటి విలువ తెలుస్తుంది. పోగొట్టుకున్న వీధిని కొలతలతో సహా తిరిగి తెచ్చుకున్న ఊరు ఇది. చివర్లో కైజర్‌డోమ్ చర్చి. 1562 నుంచి 1792 దాకా పవిత్ర రోమన్ చక్రవర్తుల (అప్పటి జర్మన్ ప్రాంతాల్ని ఏలినవాళ్లు) పట్టాభిషేకాలు ఎక్కువగా ఇక్కడే జరిగేవి. లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు.

అక్కడి నుంచి ఐజర్నర్ స్టేగ్ అనే ఇనుప నడక వంతెన దాటి మైన్ నది అవతలి ఒడ్డుకు వెళ్లండి. ఆకాశహర్మ్యాలు, పాత ఊరు ఒకే చూపులో కనబడే చోటు అదే. మైన్ టవర్ అనే ఆకాశహర్మ్యం మీద 200 మీటర్ల ఎత్తులో ఊరు చూసే డెక్ ఉంది గానీ, లైను, సెక్యూరిటీ చెక్, మబ్బు ఇవన్నీ మూడు గంటల్లోంచి చాలా తినేస్తాయి. ఆకాశం తేటగా ఉన్న రోజు తప్ప డబ్బు దండగ. పుస్తకాల మీద ఇష్టమున్నవాళ్లు దాని బదులు జర్మన్ మహాకవి గోథే 1749లో పుట్టిన ఇంటికి ఒక గంట ఇవ్వండి. ఇల్లు యుద్ధం తర్వాత తిరిగి కట్టినదే, కానీ సామాను ముందే తరలించి దాచడంతో దక్కింది.

శాకాహారులు అవతలి ఒడ్డున జాక్సెన్‌హౌజెన్ పేటలో గ్రూనె జోసె అడగండి. ఏడు రకాల పచ్చి ఆకులు తరిగి పుల్లటి క్రీమ్‌లో కలిపి, ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్లతో ఇస్తారు. ఆ ఏడింటిలో ఒకటి మన చుక్కకూర జాతిదే, పులుపు వెంటనే గుర్తుపడతారు. గుడ్డు తిననివాళ్లు ముందే అడగండి, కొన్ని చోట్ల ఆ క్రీమ్‌లోనే గుడ్డు కలుపుతారు. నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే తిరిగొస్తాయి. ఊళ్లో టాయిలెట్లకు చిల్లర యూరోలు దగ్గరుంచుకోండి.

వారం కూడా చూసుకోవాలి. ఆదివారం దుకాణాలు, క్లైన్‌మార్క్ట్‌హాలె మూత. సోమవారం చాలా మ్యూజియాలు మూత, పేరున్న చిత్రకళా మ్యూజియం ష్టేడెల్ కూడా. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది.

తిరుగు దారిలో జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. ఎస్8, ఎస్9 బోర్డు మీద వీస్‌బాడెన్ అని ఉంటుంది. ఎస్1 మీద కూడా అదే ఉంటుంది, కానీ ఎస్1 హోఖ్‌స్ట్ మీదుగా పోతుంది, ఎయిర్‌పోర్ట్‌కు రాదు. ఊరి పేరు కాదు, నంబరు చూసి ఎక్కండి. కొన్ని వారాంతాల్లో మరమ్మతుల కోసం ఊరి కింది సొరంగం మూసేస్తారు. అప్పుడు ట్రామ్‌లో జూడ్‌బాన్‌హోఫ్ (దక్షిణ స్టేషన్)కు వెళ్లి 61 నంబరు బస్సెక్కితే టెర్మినల్ 1కి అరగంట.

షెంగెన్ వీసా లేనివాళ్లు బుక్ చేసేముందు హోటల్ ఎక్కడుందో చూసుకోవాలి. షెరటన్, హిల్టన్ ఎయిర్‌పోర్ట్‌ను ఆనుకునే ఉన్నాయి, కానీ ఇమిగ్రేషన్ బయట. మై క్లౌడ్ ట్రాన్సిట్ హోటల్ మాత్రం టెర్మినల్ 1లో జెడ్ గేట్ల దగ్గర, లోపలే ఉంది. గదులు గంటల లెక్కన ఇస్తారు. గది వద్దనుకుంటే, ఒరిగి పడుకునే కుర్చీలు ట్రాన్సిట్‌లో ఉచితంగానే ఉన్నాయి, డబ్బిస్తే స్నానానికి షవర్లు కూడా దొరుకుతాయి.