విద్యార్థుల రిట్రీట్: హాల్లో ఒక రోజా, బయట రెండు రాత్రులా?

తపస్సుకాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ప్రార్థన, ఉపవాసాల కాలం) దగ్గర పడుతోందంటే చాలా ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) స్కూళ్ల స్టాఫ్ మీటింగుల్లో ఈ చర్చ వస్తుంది. పిల్లల రిట్రీట్ (రోజువారీ పనులు పక్కనపెట్టి ప్రార్థనలో, మౌనంలో గడిపే సమయం) స్కూలు హాల్లోనే ఒక రోజులో ముగిద్దామా, రిట్రీట్ సెంటరుకు తీసుకెళ్లి రెండు రాత్రులు ఉంచుదామా? విజయవాడ చుట్టుపక్కల బళ్లకైతే మూడో దారి కూడా ఉంది: పొద్దున్నే బస్సెక్కించి మేరీమాత గుడి ఉన్న గుణదల కొండకు తీసుకెళ్లి, సాయంత్రానికి ఇళ్లకు చేర్చడం. కాటికిజం (క్రైస్తవ మతబోధ) చెప్పే టీచరుగా నా ఓటు బయట రెండు రాత్రులకే. కాకపోతే తొమ్మిదో తరగతిలో, పదిలో కాదు.

హాల్లో పెట్టేదాన్ని తీసిపారేయను. ఖర్చు తక్కువ, ఆడపిల్లల్ని రాత్రికి పంపాలా అని తల్లిదండ్రులకు టెన్షన్ ఉండదు, అందరూ వస్తారు. కానీ ఆ రోజు ఎలా గడుస్తుందో దగ్గరగా చూడండి. పాటలు, ఫాదర్ గారి ప్రసంగం, క్యారేజీ భోజనాలు, తర్వాత పాపసంకీర్తనం (ఒక్కొక్కరూ విడిగా ఫాదర్‌కు తమ తప్పులు చెప్పుకోవడం), చివర దివ్యపూజ (మాస్), నాలుగింటికి బస్సు. పిల్లలు నూట యాభై మంది, ఫాదర్లు ఇద్దరు, ఉన్నది రెండు గంటలు అనుకుందాం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా రావు. ఇంట్లో నాన్న తాగొచ్చి కొడుతున్నాడన్న బాధ ఉన్న పిల్లాడు ఆ రెండు నిమిషాల్లో ఏం చెప్పగలడు? అబద్ధమాడాను, అమ్మ మాట వినలేదు అని అప్పజెప్పి లేచిపోతాడు. వెనక లైను జరుగుతూ ఉంటుంది. పైగా అది రోజూ యూనిట్ టెస్టులు రాసే హాలు. మధ్యలో గంట కొడితే పిల్లల చెయ్యి వాళ్లకు తెలియకుండానే బ్యాగు మీదికి పోతుంది.

ఈ చర్చకు చాలా పాత మూలం ఉంది. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి మంచానపడ్డ ఇగ్నేషియస్ లొయోలా (తర్వాత జెస్యూట్ సభను స్థాపించిన పునీతుడు), కోలుకున్నాక మన్రేసా అనే ఊళ్లో నెలల తరబడి ప్రార్థనలో గడిపాడు. ఆ అనుభవం నుంచి పుట్టిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే పుస్తకాన్ని 1548లో పోప్ ఆమోదించారు. ఈనాటి రిట్రీట్లలో చాలావాటికి మూలం అదే. అందులో మొదట ఇరవై సూచనలు ఉంటాయి. పనులు వదిలి రాలేనివారికి రోజుకు గంటన్నర చొప్పున, ఉన్నచోటే చేయించమంటుంది పంతొమ్మిదోది. వీలున్నవారు ఇంటినీ స్నేహితులనూ వదిలి వేరేచోటికి వెళ్తే మేలు ఎక్కువ అంటుంది ఇరవయ్యోది. రెండు దారులూ చెప్పాడు గానీ, అంతా ఒక్కరోజులో కుక్కమని ఎక్కడా చెప్పలేదు.

అందుకే బయటికి తీసుకెళ్లలేని బడికి నేను హాలు రిట్రీట్ కంటే పంతొమ్మిదో సూచననే, పిల్లలకు తగ్గట్టు కుదించి, చెబుతాను. తపస్సుకాలమంతా మొదటి పీరియడ్‌కు ముందు పదిహేను నిమిషాలు. చిన్న సువార్త భాగం, కాసేపు మౌనం, నిన్నటి రోజును మనసులో ఒకసారి తిరగేసుకోవడం. అంతే. పైసా ఖర్చు లేదు.

ఇక బయట రెండు రాత్రులు. మొదటి సాయంత్రం ఏమీ జరగదు. ఫోన్లు తీసుకున్నారని సణుగుడు, మంచాల కోసం గొడవ, అర్ధరాత్రి దాకా గుసగుసలు. ఒక్క రాత్రితో సరిపెడితే ఇదే మిగులుతుంది. రెండో రోజు మధ్యాహ్నానికి గానీ పిల్లలు నెమ్మదించరు. ఆ సాయంత్రం తల్లిదండ్రుల ఉత్తరాలు ఇస్తే బాగుంటుంది. ఒకసారి ఒక అమ్మాయికి వచ్చిన ఉత్తరం వాళ్ల అక్క చేతిరాతలో ఉంది. అమ్మకు రాయడం రాదు, చెబుతుంటే అక్క రాసింది. ‘నువ్వు చదువుతుంటే నేను పక్కన కూర్చుని వినేదాన్ని, నీకు తెలీదు’ అని ఒక వాక్యం. ఆ పిల్ల ఆ కాగితం పట్టుకుని సిస్టర్ దగ్గరికి వెళ్లి, మూడేళ్లుగా ఎవరికీ చెప్పనిది చెప్పుకుంది. హాల్లో అయితే దానికి టైమెక్కడిది? అయితే బస్సు కదలకముందే కవర్లు లెక్కపెట్టుకోవాలి. ఒక్కరికి ఉత్తరం లేకపోయినా ఆ బిడ్డకు రిట్రీట్ అంతా చేదైపోతుంది. హాస్టల్ పిల్లల ఇళ్లకు వార్డెన్ నెల ముందే కబురు పంపాలి.

బయట తేలిగ్గా జరిగే తప్పులూ ఉన్నాయి. రాత్రిపూట లైట్లార్పి, నరకం గురించి చెప్పి, పిల్లల్ని ఏడిపించడం నాకు సుతరామూ నచ్చదు. అలసిపోయిన పిల్లలు ఎలాగూ ఏడుస్తారు, అది మారుమనసు కాదు. ఫాదర్లు కావడానికి ఎవరు సెమినరీకి వస్తారు, సిస్టర్లు కావడానికి ఎవరు కాన్వెంటుకు వస్తారు అని చేతులెత్తించడమూ అంతే. రిట్రీట్ నడిపేవారు ఎవరినీ ఫలానా జీవితంవైపు నెట్టకూడదని ఇగ్నేషియస్ పదిహేనో సూచనలోనే చెప్పాడు. ఇక ఆడపిల్లల డార్మిటరీలో ఇద్దరు సిస్టర్లో లేడీ టీచర్లో తప్పనిసరి. పిల్లలతో విడిగా మాట్లాడేది అందరికీ కనబడే వరండాలోనే, తలుపు మూసిన గదిలో కాదు.

గుణదల కొండ ఎక్కుతూ జపమాల చెప్పుకోవడం పిల్లలకు ఎంతో ఇష్టం. తీసుకెళ్లండి, ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా తిరునాళ్ల రద్దీలో మాత్రం వద్దు. కానీ అది యాత్ర. రిట్రీట్‌కు బదులు కాదు.

తొమ్మిదో తరగతి అని ఎందుకన్నానంటే, తపస్సుకాలం వచ్చేసరికి పదో తరగతి వాళ్లకు ప్రీ-ఫైనల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అప్పుడు ఏ ప్రార్థన పెట్టినా అది మార్కుల ప్రార్థనే అవుతుంది. హాల్‌టికెట్లు పీఠం దగ్గర పెట్టి దీవెన ఇవ్వండి, తప్పులేదు, దాన్ని రిట్రీట్ అనకండి. తొమ్మిదో తరగతిని దసరా సెలవుల తర్వాత, నలభై మందికి మించకుండా బ్యాచ్‌లుగా తీసుకెళ్లండి.

మన బళ్లలో హిందూ, ముస్లిం పిల్లలు కూడా చదువుతున్నారు. గుర్తింపో ఎయిడో ఉన్న బడిలో మతబోధకు, ఆరాధనకు రావాలంటే మైనరు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలని రాజ్యాంగం 28(3) అధికరణ చెబుతోంది. హాల్లో పెడితే ఎవరినీ అడక్కుండా అందరినీ కూర్చోబెట్టేయడం సులువు, అక్కడే పొరపాటు జరుగుతుంది. ఎక్కడ పెట్టినా సమ్మతి పత్రం ఇంటికి పంపండి. రానన్నవారికి ఆ రోజుల్లో లైబ్రరీయో ఆటలో ఏర్పాటు చేయండి, అటెండెన్స్ మాత్రం కోయకండి.