ఆసుపత్రి నిర్వహణలో ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు: పదకొండో వారం కోసమైతే చేరవచ్చు

నేను ఒక ఆసుపత్రిలోని మెడికల్ రికార్డ్స్ విభాగంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. కేసు షీట్లు సరిచూడటం, జబ్బులకు ఐసీడీ (అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ) కోడ్లు వేయడం, డిశ్చార్జి సమ్మరీలో పడని సంతకం కోసం డాక్టర్ల వెంట తిరగడం నా రోజువారీ పనులు. ఆ బల్ల దగ్గర నుంచి ఆపరేషన్స్ విభాగంలోకి మారాలన్న ఉద్దేశంతో ఆసుపత్రి నిర్వహణలో ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులో చేరి, ఈమధ్యే పూర్తిచేశాను. సంస్థ పేరు రాయడం లేదు. ఈ తరహా కోర్సులు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్లు ఉంటాయి కనుక, పేరు తెలియకపోయినా చేరదలచిన వారికి ఈ సమీక్ష పనికొస్తుందని అనుకుంటున్నాను.

మొత్తం ఇరవై నాలుగు వారాలు. వారానికి మూడు నాలుగు వీడియోలు, ఒక క్విజ్, రెండు వారాలకొకసారి ప్రత్యక్ష తరగతి, చివర్లో ఒక ప్రాజెక్టు. మొదటి రెండు వారాలు ఈ వృత్తి చరిత్రకు కేటాయించారు. ఆసుపత్రి నిర్వహణలో పోస్టు గ్రాడ్యుయేట్ చదువు 1934లో షికాగో విశ్వవిద్యాలయంలో మొదలైందని, అంతకుముందు ఆసుపత్రులను నడిపినవారు ఎక్కువగా డాక్టర్లు, నర్సులు, మతసంస్థల వారేనని చెప్పారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఒక వీడియోతో సరిపోయే విషయం.

నాకు మొదటిసారి నిజంగా ఉపయోగపడినది మూడో వారంలో ఇచ్చిన స్వీయ పరిశీలన పత్రం. అమెరికాలోని ఆరోగ్యరంగ వృత్తి సంఘాల కూటమి హెల్త్‌కేర్ లీడర్‌షిప్ అలయన్స్ ఈ వృత్తికి కావలసిన నైపుణ్యాలను ఐదు భాగాలుగా విభజించింది: మాటతీరు–మనుషులతో సంబంధాలు (రెండూ కలిపి ఒకటి), నాయకత్వం, వృత్తి నిబద్ధత, ఆరోగ్యరంగం గురించిన అవగాహన, వ్యాపార పరిజ్ఞానం. దాని ఆధారంగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ హెల్త్‌కేర్ ఎగ్జిక్యూటివ్స్ రూపొందించిన పత్రంలో ఒక్కొక్క అంశానికి మనకు మనమే మార్కులు వేసుకోవాలి. ఆరోగ్యరంగం అవగాహనలో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఆర్థిక వ్యవహారాలకు వచ్చేసరికి దాదాపు ప్రతి గడిలోనూ అట్టడుగు మార్కే వేసుకోవలసి వచ్చింది. ఏ కోర్సులోనైనా డబ్బు కట్టేముందే ఈ పని చేసుకుంటే, మనకు ఏ చదువు అవసరమో సగం తేలిపోతుంది. నేను డబ్బు కట్టిన తర్వాత చేశాను.

నాణ్యత గురించిన పాఠాలు పైపైన సాగాయి. అవేడిస్ డోనబీడియన్ 1966లో ప్రతిపాదించిన మూడంచెల చట్రాన్ని, అంటే వసతులు, పని జరిగే తీరు, ఫలితం అన్న విభజనను చక్కటి బొమ్మతో చూపారు. వార్డులో చేతులు కడుక్కునే ఏర్పాటు ఉండటం మొదటిది, రోగిని ముట్టుకునే ముందు నర్సు నిజంగా కడుక్కోవడం రెండోది, ఇన్ఫెక్షన్లు తగ్గడం మూడోది అన్న ఉదాహరణ గుర్తుండిపోయేదే. కానీ క్విజ్ దగ్గరికి వచ్చేసరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టులో ఎన్ని అంశాలున్నాయని అడిగారు. పంతొమ్మిది అని నొక్కితే పచ్చ టిక్కు పడింది. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి తీసుకెళ్లే ముందు, ఇలా మూడుచోట్ల ఎందుకు ఆగాలో, ఆగడానికి సర్జన్ విసుక్కుంటే ఏం చేయాలో ఎవరూ అడగలేదు.

ఇక పదకొండో వారం. మిగిలిన కోర్సు ఎలా ఉన్నా, ఈ వారాన్ని తయారుచేసిన వ్యక్తి ఆసుపత్రి వరండాల్లో నిలబడి పని చూసినవారని మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రంతో పాఠం మొదలైంది. రోజుకు సగటున పదిమంది చేరి, ఒక్కొక్కరు సగటున నాలుగు రోజులు ఉంటే, సగటున నలభై పడకలు నిండి ఉంటాయి. ఆ నాలుగు రోజులను మూడున్నరకు తగ్గించగలిగితే అంతే మంది రోగులకు ముప్పై ఐదు పడకలు చాలు; ఒక్క ఇటుక పేర్చకుండా ఐదు పడకలు మిగిలినట్టే. చిన్న గుణకారమే అయినా, పడకలు చాలడం లేదని తొమ్మిదేళ్లుగా వింటున్న నాకు ఆ మాటను ఇలా లెక్కగా చూడవచ్చని తట్టలేదు. పడకలన్నీ ఎప్పుడూ నిండుగా ఉండాలని ప్రణాళిక వేసుకోకూడదని, రోగులు లెక్కప్రకారం రారు కనుక నిండుదనం పెరిగేకొద్దీ నిరీక్షణ ఒక్కసారిగా పెరిగిపోతుందని కూడా ఆయన చెప్పారు. ఆ ముక్కకు మరో గంట ఇవ్వవలసింది.

ఆ వారం అసైన్‌మెంటు ఇది: ముప్పై డిశ్చార్జిలు తీసుకుని, రోగి పేరు రాయకుండా, ఒక్కొక్కదానికి ఐదు సమయాలు నమోదు చేయాలి. ఇంటికి వెళ్లవచ్చని డాక్టరు చెప్పిన సమయం, సమ్మరీ తయారైన సమయం, బిల్లు ముగిసిన సమయం, రోగి వార్డు వదిలిన సమయం, పడక శుభ్రం చేసి మరొకరికి సిద్ధం చేసిన సమయం. పై అధికారి అనుమతి తీసుకుని నేను మా ఆసుపత్రి రికార్డులనే వాడుకున్నాను. ఆలస్యమంతా బిల్లింగ్ కౌంటర్‌లోనే జరుగుతుందన్నది మా అందరి నమ్మకం. రోగుల బంధువులు గొడవపడేది కూడా అక్కడే. నా పట్టికలో మాత్రం అన్నిటికన్నా పెద్ద జాప్యం మొదటి రెండు సమయాల మధ్య కనిపించింది. పొద్దున రౌండ్స్‌లో వెళ్లవచ్చని చెప్పిన డాక్టరు వెంటనే థియేటర్‌లోకి వెళ్లిపోతారు, సమ్మరీ మీద సంతకం మధ్యాహ్నం దాకా ఆగిపోతుంది. ముప్పైలో ఏడు సమ్మరీలు మరో కారణంతో ఆగాయి: కోడ్ సరిగా లేదని వాటిని వెనక్కి పంపారు. పంపింది మా విభాగమే, వాటిలో రెండింటి మీద ఉన్న చేతిరాత నాదే.

ఆర్థిక పాఠాలకు ఇచ్చిన రెండు వారాలు నన్ను ఎక్కువ నిరాశపరిచాయి. నాకు ఎక్కువ అవసరమైన భాగం అదే కావడం వల్ల కూడా అలా అనిపించి ఉండవచ్చు. స్థిర వ్యయం, అస్థిర వ్యయం, లాభనష్టాలు సమానమయ్యే స్థాయి, వీటన్నిటినీ ఇరవై నిమిషాల వీడియోలో స్లైడ్లు చదివి ముగించారు. స్కానింగ్ యంత్రం రోజుకు ఎన్ని స్కాన్లు చేస్తే దాని ఖర్చు తిరిగొస్తుందన్న ఒక్క లెక్కను చేతితో చేయించినా ఎంతో మేలు జరిగేది. యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఫెటర్, జాన్ థాంప్సన్ రూపొందించిన డీఆర్‌జీ వర్గీకరణను, అంటే ఒకే రకమైన ఖర్చయ్యే కేసులను గుంపులుగా విభజించే పద్ధతిని, అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపులకు వాడాలని 1983లో చట్టం చేశారన్న విషయాన్ని గుర్తుపెట్టుకోవలసిన తేదీగా మాత్రమే చెప్పారు. అందులోని అసలు సంగతి ఆసక్తికరమైనది. రోజుల లెక్కన డబ్బు వస్తే రోగిని ఎక్కువ రోజులు ఉంచడం ఆసుపత్రికి లాభం, కేసుకు ఇంత అని ముందే నిర్ణయిస్తే త్వరగా పంపడం లాభం. చెల్లింపు పద్ధతి మారితే వార్డులో తీసుకునే నిర్ణయాలు కూడా మారతాయన్న ఈ ఒక్క ఎరుక ఉంటే, పదకొండో వారం పాఠం మరింత లోతుగా అర్థమయ్యేది. రెండింటినీ కలిపే ప్రయత్నం కోర్సులో ఎక్కడా లేదు.

చట్టాలు, నైతికత, సమాచార సాంకేతికత పాఠాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పేర్లు పరిచయం చేసి వదిలేశారు. నాయకత్వం పాఠం గురించి మాత్రం ఒక ఫిర్యాదు ఉంది. ఆసుపత్రి మేనేజరుకు డాక్టరు వైద్య నిర్ణయాల మీద అధికారం ఉండదు, కానీ మేనేజరు చేయవలసిన పనుల్లో సగం ఆ డాక్టరు సహకారం లేనిదే జరగవు. అధికారం లేనిచోట పని ఎలా జరిపించుకోవాలన్నది ఈ వృత్తిలో ముఖ్యమైన నైపుణ్యమని నా అభిప్రాయం. కోర్సు దాన్ని వదిలేసి, మీది ఏ తరహా నాయకత్వమో తెలుసుకోండంటూ పది ప్రశ్నల క్విజ్ పెట్టింది. నాకు సంప్రదింపుల తరహా అని వచ్చింది. ఆ డిశ్చార్జి పట్టికను సీనియర్ సర్జన్‌కు ఎలా చూపించాలో మాత్రం అది చెప్పలేదు. చివరికి మా నర్సింగ్ సూపరింటెండెంట్ సలహాతో, ఎవరి పేరూ లేకుండా, మా విభాగం తప్పులను మొదటి వరుసలో పెట్టి చూపించాను. ఆ సర్జన్ పూర్తిగా చదివారు.

ప్రాజెక్టు మూల్యాంకనం బొత్తిగా బాగాలేదు. పన్నెండు పేజీల నివేదికను సాటి విద్యార్థులు ఇద్దరు దిద్దారు. ఒకరు "బాగుంది" అని, ఇంకొకరు "చాలా బాగుంది" అని రాశారు. అధ్యాపకుల నుంచి ఒక్క మాట కూడా రాలేదు. చేరేముందు ప్రాజెక్టును ఎవరు దిద్దుతారని తప్పకుండా అడగండి.

చివరి రెండు వారాల్లో పై చదువుల దారులను వివరించారు, ఈ భాగం నిజాయితీగా ఉంది. ఆసుపత్రి లోపలి నిర్వహణే జీవితం అనుకునేవారికి ఎంహెచ్‌ఏ (ఆసుపత్రి నిర్వహణలో మాస్టర్స్), రేపు వేరే రంగానికి మారే వీలు ఉండాలనుకునేవారికి ఎంబీఏ, ఒక్కొక్క రోగి కన్నా మొత్తం జనాభా ఆరోగ్యం, విధానాల మీద ఆసక్తి ఉన్నవారికి ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) సరిపోతాయని చెప్పారు. కోర్సు ప్రకటనలో కనిపించే "అంతర్జాతీయ గుర్తింపు" అన్న మాటకు మాత్రం ఎవరూ వివరణ ఇవ్వలేదు. గుర్తింపు ఇచ్చింది ఎవరన్నది ముఖ్యం. ఉదాహరణకు, అమెరికాలో ఈ రంగపు మాస్టర్స్ కోర్సులను పరిశీలించి గుర్తింపునిచ్చే సంస్థ సీఏహెచ్‌ఎంఈ. అక్కడ కోర్సు పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. అటువంటి సంస్థ పేరు చెప్పకుండా భాగస్వాముల లోగోలు మాత్రమే చూపిస్తే, అది ప్రకటన అని అర్థం చేసుకోవాలి.

ఇప్పటికే ఆసుపత్రిలో నర్సుగానో, ల్యాబ్‌లోనో, బిల్లింగ్‌లోనో, నాలా రికార్డ్స్‌లోనో పనిచేస్తూ, చేతికందే సమాచారం ఉన్నవారికి ఈ కోర్సు ఫర్వాలేదని చెబుతాను. ఐదింటికి మూడు మార్కులు. బయటి నుంచి ఈ రంగంలోకి రావాలనుకునేవారికి రెండే ఇస్తాను. ముప్పై డిశ్చార్జిలు ఎక్కడి నుంచి తేవాలో తెలియక మా బృందంలోని ఇద్దరు పదకొండో వారం అసైన్‌మెంటులో ఊహించిన అంకెలు నింపారు, అవి కూడా ఆమోదం పొందాయి. వీడియోలు కోర్సు ముగిశాక ఏడాది దాకానే తెరుచుకుంటాయి. ఆ డిశ్చార్జి పట్టిక నమూనాను మాత్రం మొదటిరోజే దింపుకోండి, పదకొండో వారం ఫోల్డర్‌లో చిట్టచివర ఉంటుంది.