నాలుగేళ్లు వాడిన క్లాస్-డి ఆంప్: చిప్ బాగుంది, కాయిల్సే మార్చాల్సి వచ్చింది

పాత క్లాస్-ఏబీ ఆంప్లిఫయర్‌ని అటక ఎక్కించి నాలుగేళ్లయింది. దాని స్థానంలో టీపీఏ3116డీ2 అనే క్లాస్-డి ఆంప్లిఫయర్ చిప్ ఉన్న అరచేతంత బోర్డు, 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై), 4 ఓమ్‌ల స్పీకర్లు. రోజూ మూడు నాలుగు గంటలైనా మోగుతుంది.

పాతదాంట్లో ట్రాన్సిస్టర్లు పూర్తిగా ఆన్ కావు, ఆఫ్ కావు. మధ్యలో ఉండి వేడి కక్కుతాయి. ఆ కోవలోనే పొదుపైన క్లాస్-బికి కూడా ఎఫిషియెన్సీ (తీసుకున్న పవర్‌లో స్పీకర్‌కి చేరే వాటా) లెక్క ప్రకారమే 78.5 శాతం దాటదు, అదీ ఫుల్ వాల్యూమ్‌లో. మామూలుగా మనం వినే సౌండ్‌లో ఇంకా తక్కువ. ఈ క్లాస్-డిలో మాస్‌ఫెట్లు (ఇవీ ఒక రకం ట్రాన్సిస్టర్లే) ఉత్త స్విచ్‌లు. నా బోర్డులో సెకనుకు 4 లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంటాయి, పాటను బట్టి పల్స్ వెడల్పు మారుతుంది. హీట్‌సింక్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అంతే.

అసలు గొడవ కాయిల్స్‌తో. ఆ స్విచింగ్‌ని వడకట్టి పాటను స్పీకర్‌కి పంపే ఫిల్టర్‌లో, కెపాసిటర్లతో పాటు ఉండే తీగచుట్టలివి. పాట ఆపేసి ఉన్నా అవుట్‌పుట్ కాయిల్స్ చురుక్కుమనేవి. చాన్నాళ్లు చిప్‌నే అనుమానించాను. తర్వాత లెక్క వేస్తే తెలిసింది: 24 వోల్టులు, 400 కిలోహెర్ట్జ్, 10 మైక్రోహెన్రీ అంటే ఏ సిగ్నలూ లేకపోయినా ఒక్కో కాయిల్లో పీక్-టు-పీక్ ఒకటిన్నర ఆంప్స్ రిపుల్ (స్విచింగ్ వల్ల ఊగే కరెంట్) తిరుగుతూనే ఉంటుంది. బోర్డు చేసినవాళ్లు పెట్టిన బుల్లి కాయిల్స్ దానికే వేడెక్కేవి. పైగా బేస్ గట్టిగా వచ్చినప్పుడు కాయిల్ కోర్ శాచురేట్ అయి (ఇక అయస్కాంతత్వం పట్టలేక) సౌండ్ చీరుకుపోయేది. అదే విలువలో, ఎక్కువ కరెంట్ తట్టుకునే పెద్దవి వేశాను. వేడీ తగ్గింది, బేస్ కూడా శుభ్రపడింది. కెపాసిటర్లు 0.68 మైక్రోఫారడ్‌వే ఉంచాను. ఫిల్టర్ కటాఫ్ (పై ఫ్రీక్వెన్సీలను కోయడం మొదలయ్యే చోటు) 61 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, 4 ఓమ్‌లకు సరిగ్గా సరిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్లు పెట్టి చూస్తే ట్రెబుల్ కొంచెం పైకి లేచినట్టు అనిపించింది. ఫీడ్‌బ్యాక్ (తప్పులు దిద్దుకోడానికి చిప్ తన అవుట్‌పుట్‌ని చూసుకునే దారి) ఫిల్టర్‌కి ముందే తీసుకుంటారు కాబట్టి ఆ తేడాను చిప్ సరిదిద్దలేదు.

రెండో ఏడు సప్లై దగ్గరి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి ఉబ్బింది. తక్కువ ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్) ఉన్నది వేశాక మళ్లీ దాని జోలికి వెళ్లలేదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. బీటీఎల్ అవుట్‌పుట్‌లో (స్పీకర్ రెండు వైర్లనూ ఆంపే నడిపే పద్ధతి) స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు. అది మర్చిపోయి ఒక ఆసిల్లోస్కోప్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ దానికి తగిలించాను. రెండో ప్రోబ్ క్లిప్ అప్పటికే బోర్డు గ్రౌండ్‌కి ఉంది, స్కోప్ లోపల ఆ రెండు క్లిప్‌లూ కలిసే ఉంటాయి. టప్‌మని సౌండ్ ఆగిపోయింది. చిప్‌లో షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ ఉంది కాబట్టి బతికిపోయింది.

ఇప్పటికీ పోని చిరాకు ఒక్కటే, ఏఎం రేడియో. స్విచింగ్ హార్మోనిక్స్ (400 కిలోహెర్ట్జ్‌కి రెట్లు) 800, 1200 కిలోహెర్ట్జ్ దగ్గర పడి గీ అంటుంది. స్పీకర్ వైర్లు పొట్టివి చేసి మెలిపెడితే చాలావరకు తగ్గింది. మిగతాదానికి రేడియోనే గదిలో ఆ చివరికి జరిపాను.