వల్మియెరా గెలిచిన ఏడాది: 2022 విర్స్‌లీగాకు నా మార్కులు

ఐదుకి మూడున్నర. ఆ చివరి అర మార్కు పూర్తిగా వల్మియెరా జట్టుది.

లాట్వియా ఫుట్‌బాల్‌లో పై మెట్టు లీగ్‌ని విర్స్‌లీగా అంటారు. రాజధాని రీగాలో చదువుకుంటున్న ఆ ఏడాది వీలున్నప్పుడల్లా మైదానానికి వెళ్లాను. "ఫుట్‌బాలా? హాకీ మొదలయ్యేదాకా ఆగు" అని క్లాసులో ఒక లాట్వియన్ కుర్రాడు మొదటి రోజే నవ్వాడు. వాళ్లకి ప్రాణం ఐస్ హాకీ. ఆ సంగతి స్టాండ్స్ చూస్తేనే తెలిసిపోతుంది. నేను వెళ్లిన చాలా మ్యాచ్‌లకు జనం వందల్లోనే.

నాకు నచ్చింది కూడా అదే. కోచ్ అరుపులు వినిపిస్తాయి, బూటు బంతికి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

విసుగు తెప్పించింది లీగ్ పద్ధతి. పది జట్లే. ఒక్కో ప్రత్యర్థితో నాలుగేసి సార్లు, మొత్తం 36 మ్యాచ్‌లు. ఆగస్టు వచ్చేసరికి కొందరు గోల్‌కీపర్ల ముఖాలు మా లెక్చరర్ల ముఖాలకన్నా బాగా గుర్తుండిపోయాయి. చలికాలం ఆడలేరు కాబట్టి సీజన్ మార్చిలో మొదలై నవంబర్‌లో ముగుస్తుంది. మార్చి సాయంత్రాలకు రెండు జతల మేజోళ్లు తప్పనిసరి. జూన్‌లో మాత్రం రాత్రి పదయినా వెలుతురే, మ్యాచ్ అయిపోయాక ఇంటికి వెళ్లబుద్ధి కాదు.

తిండి సంగతి అడగొద్దు. ఒక మైదానంలో కార్డు మెషీన్ పనిచేయలేదు, నా దగ్గర చిల్లర లేదు. వెల్లుల్లి రాసి వేయించిన నల్ల రొట్టె ముక్కల కోసం క్యూలో నిలబడ్డాను, విరామం కాస్తా అయిపోయింది, ఆ తర్వాత పడిన గోల్ కూడా చూడలేదు.

ఇక వల్మియెరా. రీగా నుంచి రైల్లో రెండు గంటల దారి, గౌయా నది ఒడ్డున చిన్న ఊరు. స్టేడియానికి యానిస్ దాలిన్ష్ పేరు పెట్టారు. ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు కాదు, 1932 ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల నడకలో రజతం తెచ్చినవాడు. మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉంటుంది, దాంతో ఆట కాస్త దూరంగా కనిపిస్తుంది. అక్కడే జట్టు మఫ్లర్ కొన్నాను. అప్పటికి అభిమానం ఏమీ లేదు, గాలికి చెవులు గడ్డకడుతున్నాయంతే.

అభిమానం తర్వాత వచ్చింది. ఒకప్పుడు స్కోంటో అనే రీగా క్లబ్ వరసగా 14 టైటిళ్లు కొట్టింది, 2004 దాకా మరో జట్టుకి చోటే లేదు. ఈసారి కూడా డబ్బున్న రీగా జట్లే కొట్టుకుంటాయనుకున్నాను. వాటిలో ఒకటైన ఆర్‌ఎఫ్‌ఎస్ అయితే సెప్టెంబర్‌లో ఇటలీ వెళ్లి అక్కడి క్లబ్ ఫియొరెంతీనాతో 1-1 డ్రా చేసుకొచ్చింది. అయినా సొంత దేశంలో లీగ్ మాత్రం వల్మియెరా పట్టుకుపోయింది. చరిత్రలో వాళ్లకి అదే మొదటి టైటిల్. చివరి వారాల్లో లైబ్రరీలో పుస్తకం కింద ఫోన్ పెట్టుకుని స్కోర్లు చూశాను, ఎంత టెన్షనో!

ఇది చదివి వల్మియెరాకి రైలెక్కుదామనుకునేవాళ్లు ఒక్క మాట వినండి: డబ్బు ఇబ్బందులతో ఆ క్లబ్‌కి 2025 సీజన్‌కి లైసెన్స్ దక్కలేదు. ఊరు చూడ్డానికైతే వెళ్లండి, బాగుంటుంది. మఫ్లర్ నా దగ్గరే ఉంది, చలికి ఇప్పటికీ అదే చుట్టుకుంటున్నాను.