కాలనీ సీసీ కెమెరాలు, పోలీసుల వాట్సాప్ గ్రూపు: కొన్నేళ్లు వాడాక చెప్తున్నా

హైదరాబాద్‌లో 'నేను సైతం' (జనం చందాలతో సీసీ కెమెరాలు పెట్టించే పోలీసుల కార్యక్రమం) కింద కాలనీ కెమెరాలు పెట్టించుకోవాలా వద్దా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉన్నారు కాబట్టి రాస్తున్నా. కెమెరాలు పనిచేస్తాయి. కాకపోతే వాటిని పట్టించుకునే మనిషి ఉన్నన్నాళ్లే. స్టేషన్‌కీ కాలనీకీ మధ్య సంబంధం కూడా అంతే, ఒక మనిషి మీద నడుస్తుంది.

2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగాయి, అదే ఏడాది పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చింది. జనం బాగా చేరే షాపులు, హాళ్లు, ఆస్పత్రులు కెమెరాలు పెట్టాలి, ఫుటేజ్ 30 రోజులు ఉంచాలి. మనలాంటి కాలనీలకొచ్చేసరికి అది చందాల వ్యవహారం. ఎస్సై గారు ఆదివారం కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టి చెప్పారు, అందరూ తలలూపారు, డబ్బులు అడిగేసరికి అద్దెకున్నవాళ్లు ఓనర్ని అడగమన్నారు, ఓనర్లేమో మేం అక్కడ ఉండట్లేదు కదా అన్నారు. చివరికి ఎలాగో పోగైంది.

అప్పట్లో గొలుసు దొంగతనాల టెన్షన్ ఎలా ఉండేదంటే, పొద్దున్నే ముగ్గేసే ఆడవాళ్లు మెడ చుట్టూ కొంగు బిగించి కప్పుకునేవాళ్లు, వెనక బండి చప్పుడైతే ముగ్గు డబ్బా అక్కడే వదిలేసి గేటు లోపలికి వచ్చేసేవాళ్లు. మా వెనక వీధి పిన్నిగారి పుస్తెలతాడు లాగేసినప్పుడు మా కెమెరాలో పడింది బండి, హెల్మెట్లు, అంతే. నంబర్ ప్లేటు ఎండకి తెల్లగా మెరిసిపోయింది. కానీ కేసు చూడ్డానికి వచ్చిన కానిస్టేబుల్ వదల్లేదు. మెయిన్ రోడ్డు మీద మందుల షాపు, తర్వాత పెట్రోల్ బంకు, ఒక్కో కెమెరా పట్టుకుని బండి ఎటు పోయిందో చూసుకుంటూ వెళ్లాడు. మా డీవీఆర్‌లో (కెమెరాల రికార్డింగ్ పెట్టెలో) గడియారం చాలా వెనకబడి ఉండటంతో టైములు కలవక అతను రెండో రోజు పెన్‌డ్రైవ్ తీసుకుని మళ్లీ వచ్చాడు. మొత్తానికి దొరికారు. తాడు మాత్రం కోర్టు ద్వారా చేతికి రావడానికి చాలా కాలం పట్టింది, అది వేరే కథ.

ఇక తలనొప్పులు. రాత్రిపూట కెమెరా ముందు సాలీడు గూడు కడితే స్క్రీన్ అంతా తెల్లటి పొగలా కనిపిస్తుంది, దొంగ ఎదురుగా నిలబడి నమస్కారం పెట్టినా తెలీదు. ఇంటర్నెట్ కేబుల్ కుర్రాళ్లు స్తంభం ఎక్కితే మన వైరు కూడా తెగుతుంది. హార్డ్‌డిస్క్ పోయిందన్న సంగతి దొంగతనం అయ్యాకే బయటపడుతుంది. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచినప్పుడు, ఇక మన వీధి కూడా అక్కడి పెద్ద స్క్రీన్ల మీద కనిపిస్తుందని కాలనీలో సంబరపడ్డారు. మన డీవీఆర్ మాత్రం అసోసియేషన్ గదిలో పాత బీరువా పక్కనే ఉంది.

వాట్సాప్ గ్రూపుకి వస్తే, దాని అసలు ఉపయోగం 2018 మేలో తెలిసింది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని రాష్ట్రమంతా పుకార్లు, చాంద్రాయణగుట్టలో అలాంటి అనుమానంతోనే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని కొట్టి చంపేశారు. మా గ్రూపులోనూ గంటకో ఫొటో, ఒక దుప్పట్ల వ్యాపారిని ఆపేశారు కూడా. ఎస్సై గారు వాయిస్ మెసేజ్‌లో గట్టిగా, ముట్టుకుంటే కేసు మీ మీదే పడుతుందని చెప్పాక చల్లబడ్డారు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు, ట్రాఫిక్ సూచనలు తప్ప ఏం పెట్టలేదు. సంక్రాంతికి ఊరెళ్తూ స్టేషన్లో చెప్పి వెళ్లండి అన్నారని చెప్పి వెళ్లిన ఒకాయన ఇల్లు కొల్లగొట్టేశారు, బ్లూ కోల్ట్స్ (పోలీసు గస్తీ) బండి ఆ వీధిలోకి వచ్చినట్టు కెమెరాలో ఎక్కడా లేదు.

నాకు నచ్చనిది ఇంకోటుంది, కార్డన్ సెర్చ్. తెల్లారకముందే వచ్చి తలుపులు కొడతారు, ఆధార్ చూస్తారు, కాగితాల్లేని బండ్లు తీసుకెళ్తారు. ఎవరి తలుపులు? వెనక బస్తీలో కూలీల గదులు, బ్యాచిలర్ రూములు. లిఫ్టున్న అపార్టుమెంటు తలుపు కొట్టగా నేను చూడలేదు, మళ్లీ మీటింగులో చప్పట్లు కొట్టేది ఆ అపార్టుమెంటు వాళ్లే.

ఈ మధ్య వీధిలో గొలుసు పోయిన మాట తక్కువే వింటున్నాం, డబ్బు ఫోన్లో పోతోంది. పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అని భయపెడితే ఒక రిటైర్డు మాస్టారు పింఛను డబ్బులు పంపేశారు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఉంటే కొంతైనా ఆగేది, ఆయన సిగ్గుపడి కొడుక్కి కూడా చెప్పలేదు. దీనికి ఏ కెమెరా పనికిరాదు. ఫోన్ పోతే మాత్రం సీఈఐఆర్ అనే ప్రభుత్వ పోర్టల్లో కంప్లయింట్ పెట్టండి, మా తమ్ముడి ఫోన్ అలాగే దొరికింది. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ ఐడియా మంచిదే కానీ 2024లో దాని డేటా లీకైన దగ్గర్నుంచి మా ఇంట్లో ఎవరూ వాడట్లేదు.

అయిదుకి మూడు ఇస్తా. పెట్టించుకునేవాళ్లు కెమెరాల సంఖ్య తగ్గించి ఆ డబ్బుతో ఏఎంసీ (ఏడాది పొడుగునా మరమ్మతుల ఒప్పందం) మాట్లాడుకోండి, గడియారం నెలకోసారి సరిచూడమనండి. డీవీఆర్ పాస్‌వర్డ్ కనీసం ఇద్దరి దగ్గరైనా ఉంచండి, మా పాత సెక్రటరీ ఇల్లమ్మేసి అమెరికాలో కూతురి దగ్గరికి వెళ్లిపోతే మేం ఆయనకి పొద్దున వేళ ఫోన్ చేసి అక్కడి అర్ధరాత్రి నిద్రలేపాల్సి వచ్చింది.