రబ్బీ మాట ఎంతవరకు? ఏది మేలు?

యూదుల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు ఒకటే అడుగుతారు: వాళ్ల మతగురువు రబ్బీ మన పీఠాధిపతి లాంటివాడా, పురోహితుడి లాంటివాడా? ఏ శాఖ రబ్బీ, ఎక్కడి రబ్బీ అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఉండే హసిదీలు అనే కఠిన సంప్రదాయ శాఖవారికి తమ గురువు, అంటే ‘రెబ్బే’, మాటే వేదం. పెళ్లి సంబంధమైనా, ఆపరేషనైనా, వ్యాపారమైనా చీటీ రాసి ఆయన చేతిలో పెడతారు. మనం గోత్రంతో పాటు తండ్రి పేరు చెప్పుకుంటాం. ఆ చీటీలో తల్లి పేరు ఉంటుంది. ఆయన రుచి చూసి వదిలిన పళ్లెంలోని ముక్క కోసం కుర్రవాళ్లు ఎగబడతారు. దిక్కు తోచనప్పుడు ఇది పెద్ద అండే. కానీ ఆయనను కాదన్నవాడికి వీధి, పిల్లల బడి, చుట్టరికాలు అన్నీ దూరమవుతాయి.

ఆధునిక సంప్రదాయవాదులు తమ రబ్బీని తామే ఎంచుకుంటారు. కోసిన కోడి కడుపులో సూది కనిపిస్తే తినవచ్చా అని ఆయననే అడుగుతారు. కూడదంటే కూడదు, సరేననే మరో రబ్బీని వెతుక్కోవడం తప్పు.

సంస్కరణవాదుల రబ్బీ జీతానికి కుదిరిన సలహాదారు. వింటే విన్నట్టు, లేకపోతే లేదు.

ఇజ్రాయెల్‌లో మాత్రం ఎంపిక లేదు. 1953 చట్టం ప్రకారం యూదుల పెళ్లి, విడాకులు రబ్బీల కోర్టు చేతిలోనే ఉన్నాయి. రబ్బీల పెళ్లి వద్దనుకున్నవాళ్లు పక్క దేశమైన సైప్రస్ వెళ్లి చేసుకుని వస్తారు. విడాకులకు మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి.

నా దృష్టిలో అసలు పరీక్ష ఇక్కడే. విడాకుల పత్రాన్ని, అంటే ‘గెట్’ను, భర్తే ఇవ్వాలి. ఇవ్వకపోతే భార్య ‘అగునా’, సంకెలలో ఉన్న స్త్రీ. మతం ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. 1995 చట్టంతో ఆ కోర్టు మొండికేసిన భర్త డ్రైవింగ్ లైసెన్సు ఆపగలదు, జైలుకూ పంపగలదు. అయినా పత్రం అతనివ్వాల్సిందే! కొందరు జైల్లో కూర్చుంటారు గానీ ఇవ్వరు.

న్యూయార్క్ రబ్బీకి జైలుకు పంపే అధికారం లేదు. అందుకే అక్కడ చాలామంది రబ్బీలు పెళ్లికి ముందే వరుడితో ఒక ఒప్పందంపై సంతకం చేయిస్తారు: విడిపోయాక గెట్ ఇచ్చేదాకా రోజుకు ఇంత చొప్పున భార్యకు చెల్లించాలి. ఎగ్గొడితే అమెరికా కోర్టు వసూలు చేయిస్తుంది. నా కూతురు యూదు ఇంటి కోడలైతే ఆ కాగితం అడిగే రబ్బీ దగ్గరికే పంపుతాను.