కెరటాలకు క్రితా చాలు, కూర్పుకు చాలదు

భీమిలి ఒడ్డు మీద రాసుకున్న నా చిన్న కవితను యానిమేషన్ చిత్రంగా మలచడానికి బొమ్మలన్నీ క్రితా అనే ఉచిత చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లోనే గీశాను. యానిమేషన్ విభాగం బాగా మెరుగైన 5.0 వెర్షన్ (2021 డిసెంబరు) నాటి నుంచీ నా చేతిలో ఉన్నది అదే. ఉచితం కావడం కన్నా కుంచెలే నన్ను కట్టిపడేశాయి. వానాకాలంలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట ఎర్రనీరు, నీలినీరు ఒకదాన్నొకటి ఒరుసుకునే అంచు ఉంటుంది చూడండి, తడిరంగు కుంచెలకు అది చక్కగా లొంగింది.

అసలు పని కెరటం దగ్గరే. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపినా 12 బొమ్మలు కావాలి. గొంతు ఆరు సెకన్లలో చదివే పాదానికి 72. అన్నీ విడివిడిగా గీస్తే చెయ్యి పడిపోతుంది. ఆదుకున్నవి క్లోన్ ఫ్రేములు, అంటే ఒకే బొమ్మకు ముడిపడి ఉండే నకళ్లు. ఒక కెరటం రాకపోకలు గీసి, వాటి క్లోన్లను టైమ్‌లైన్‌లో (ఫ్రేములు వరుసగా కనిపించే పట్టీలో) పరుచుకుంటూ పోవచ్చు; తర్వాత ఏ ఒక్కదాంట్లో నురుగు సవరించినా మిగతా వాటిలోనూ మారుతుంది. అయితే ఒకే కెరటం తిరిగి తిరిగి వస్తోందని చూసేవాళ్లు ఇట్టే పసిగడతారు. అందుకని నీరు ఒక పొర, నురుగు మరో పొర చేసి, రెండింటి నిడివీ వేరుగా పెట్టాను. నీరు విసురుగా ఎక్కుతుంది, తీరిగ్గా జారుతుంది. జారాక తడి ఇసుక కాసేపు నిగనిగలాడి ఆరుతుంది. ఆ మెరుపును ఇంకో పొరలో ఒక్కసారే వేసి, దాని గాఢతను కీఫ్రేములతో, అంటే ఏ ఫ్రేములో ఎంత ఉండాలో గుర్తులు పెట్టి, తగ్గించుకుంటూ వచ్చాను.

స్టోరీబోర్డు, అంటే ఏ మాటకు ఏ దృశ్యమో ముందే గీసుకునే పథకం, వేసుకోవడానికీ క్రితాలోనే చోటుంది. నా మటుకు ఎక్కువ సమయం తిన్నది అదే. గొంతు ‘అలివి వల’ (ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల) అంటున్నప్పుడు తెర మీదా వలే కనిపిస్తే పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుంది. లాగిన తాడు ఇసుకలో కోసిన గాడి చాలు.

పేచీ అంతా శబ్దంతో. 5.2 (2023) వచ్చాక మాటకూ బొమ్మకూ పొత్తు కుదిరింది, అంతకుముందు నరకమే. అందులోనూ టైమ్‌లైన్‌లో గొంతు హెచ్చుతగ్గులు కనిపించవు. ఏ మాట ఏ ఫ్రేములో మొదలవుతుందో విని కాగితం మీద రాసుకోవాలి. కెమెరా లేదు, నేపథ్యాన్నే జరిపి సరిపెట్టుకోవాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ పొరలు పెరిగేకొద్దీ ఆయాసపడుతుంది కనుక పాదానికొక ఫైలు పెట్టుకోవడం మేలు.

నేరుగా వీడియోగా తీయవచ్చు గానీ నేను పీఎన్‌జీ బొమ్మల వరుసగా తీసి, బ్లెండర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో గొంతుతో కలిపాను. మధ్యలో కరెంటు పోయినా ఆగిన ఫ్రేము నుంచే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.